మూత్రాశయ క్యాన్సర్‌కు మైక్రోఆర్‌ఎన్‌ఏ పరీక్ష: హైదరాబాద్‌లో మా అనుభవం

మూత్రంలో రక్తం పడడంతో పరీక్షలు చేసి, నాన్నగారి మూత్రాశయంలోని గడ్డను మూత్రనాళం గుండానే తొలగించారు. గడ్డ లోపలి పొరకే పరిమితమైందనీ, అయితే హై గ్రేడ్ (ఉధృతంగా పెరిగే రకం) అనీ పాథాలజీ రిపోర్టు వచ్చింది. ఈ జబ్బులో గడ్డ మళ్లీ వస్తుందా, వస్తే కండరంలోకి పాకుతుందా అన్నదే పెద్ద బెంగ కనుక, ఆ సంగతి ముందే అంచనా వేస్తామన్న పంజాగుట్ట ప్రాంతపు ల్యాబ్ ఒకదానిలో గడ్డలోని మైక్రోఆర్‌ఎన్‌ఏలను, అంటే జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులను, కొలిచే ఈ పరీక్ష చేయించాము.

నమూనా విషయంలో వారి పని మెచ్చుకోదగినది. తీసిన గడ్డను ఫార్మలిన్‌తో నిలవచేసి మైనంలో పొదిగిన పారాఫిన్ బ్లాకును ఆసుపత్రి నుంచి రసీదుతో తీసుకుని, కొన్ని పలుచని కోతలు మాత్రమే వాడుకుని, భద్రంగా తిరిగి ఇచ్చారు. మైక్రోఆర్‌ఎన్‌ఏ దాదాపు 22 జన్యు అక్షరాల పొట్టి పోగు కావడంతో, పొడవైన ఆర్‌ఎన్‌ఏ ముక్కలైపోయే ఇలాంటి బ్లాకులో కూడా చాలావరకు నిలిచి ఉంటుందనీ, అందుకే పాత బ్లాకు సరిపోతుందనీ ఓపికగా వివరించారు. 1993లో ఒక చిన్న పురుగులో దీన్ని కనుగొన్న విక్టర్ ఆంబ్రోస్‌కు, దాని పనితీరును తేల్చిన గ్యారీ రవ్‌కున్‌కు 2024లో నోబెల్ వచ్చిన సంగతి కూడా అప్పుడే తెలిసింది.

నా అసంతృప్తి రిపోర్టుతోనే. మొదటి పేజీలో ఎర్ర అక్షరాలతో ‘అధిక ప్రమాదం’ అని ఉంది. మిర్-21 అనే మైక్రోఆర్‌ఎన్‌ఏ పెరిగిందనీ, మిర్-145 అనేది తగ్గిందనీ రాశారు. ఇంత దాటితే అధిక ప్రమాదం అన్న హద్దును ఏ రోగులను చూసి గీశారో, వారు బీసీజీ (గడ్డ మళ్లీ రాకుండా మూత్రాశయంలోకి ఎక్కించే మందు) తీసుకున్నవారో కాదో, కొలతను దేనితో సరిపోల్చారో ఎక్కడా లేదు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మిర్-145 నునుపు కండరంలో సహజంగానే ఎక్కువగా ఉంటుంది. గడ్డ ఎంత లోతుకు పోయిందో తేల్చడానికి వైద్యులు కండరాన్ని కూడా కలిపి తీస్తారు. కాబట్టి పరీక్షించిన ముక్కలో గడ్డ ఎంత, కండరం ఎంత అన్నది రాయకపోతే ఆ అంకెకు అర్థమే మారిపోతుంది. ఫోన్ చేసి అడిగితే, గడ్డ ఉన్న భాగాన్నే ఎంచి తీశామని చెప్పి వారం తరువాత లిఖితపూర్వకంగా పంపారు, అందుకు కృతజ్ఞతలు; హద్దు గురించిన ప్రశ్నకు మాత్రం ఇంతవరకు జవాబు రాలేదు.

మా యూరాలజిస్టు ఆ రిపోర్టు పూర్తిగా చదివి, గ్రేడ్, పొర లోతు, గడ్డల సంఖ్య, పరిమాణం ఆధారంగానే వారానికొకటి చొప్పున ఆరు బీసీజీ డోసులు, మూడో నెలలో సిస్టోస్కోపీ (సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే పరీక్ష) అని నిర్ణయించారు. పరీక్ష చేయించకపోయినా ఇదే చికిత్స జరిగేది. అమ్మ మాత్రం ఆ ఎర్ర అక్షరాలు చూసి రెండు రాత్రులు నిద్రపోలేదు.

పరిశోధనగా ఈ మార్గంపై నాకు నిజమైన ఆశ ఉంది. కానీ ఖర్చుకు వెనుకాడే కుటుంబాలకు ఇప్పుడే చేయించుకోమని చెప్పలేను. ఆ డబ్బును పాథాలజీ స్లైడ్లపై రెండో అభిప్రాయానికి వాడుకోవడం మేలు. ల్యాబ్ వారికి ఒక్క మనవి: ‘సిస్టోస్కోపీల అవసరం తగ్గుతుంది’ అని మీ కరపత్రంలో ఉన్న వాక్యాన్ని దయచేసి తీసివేయండి. దాన్ని చదివిన నాన్నగారు మూడో నెల సిస్టోస్కోపీ మానేద్దామా అని అడిగారు.