యావరేజ్ గడి చివరికి ఎలా పోయింది: ఐదేళ్లు బేస్‌బాల్ లెక్కలు రాసిన పీఈటీ మాట

మా బడి నల్లగొండ నుంచి దేవరకొండ పోయే దారిలో ఉంటుంది. నేను అక్కడ పీఈటీని. 2018లో బేస్‌బాల్ టీమ్ పెట్టినప్పుడు మాకున్నవి రెండు అల్యూమినియం బ్యాట్లు, అరడజను గ్లవ్‌లు, రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి. బంతులు తొందరగా పాడవుతాయని, ప్రాక్టీస్‌కు తోటల్లో రాలిన బత్తాయి కాయలు ఏరుకొచ్చేవాళ్లు పిల్లలు. గట్టిగా తగిలితే కాయ పగిలి మొహం నిండా పులుపు. ఆ బ్యాట్లు పోయాయి, గ్లవ్‌లు చిరిగాయి, నోట్‌బుక్ ఇప్పుడు నాలుగోది నడుస్తోంది. కరోనా కాలం తీసేస్తే ఐదేళ్లకు పైగా ఆడిన ప్రతి మ్యాచ్ అందులో ఉంది. బ్యాటింగ్ లెక్కలు ఎలా రాయాలని పాలమూరు వైపు సార్లు ఒకరిద్దరు అడిగారు. వాడి చూసినవాడిగా చెబుతున్నాను.

మొదట మొదలుపెట్టింది అందరిలాగే బ్యాటింగ్ యావరేజ్‌తోనే. బంతిని కొట్టి బేస్ చేరితే హిట్, లెక్కలోకి వచ్చే ఒక్కో బ్యాటింగ్ వంతు అట్‌బ్యాట్. హిట్లను అట్‌బ్యాట్లతో భాగిస్తే వస్తుంది. పదిసార్లలో మూడు హిట్లు కొడితే 0.300, అది మంచి లెక్క. కానీ మా పిల్లలు క్రికెట్ చూసి పెరిగినవాళ్లు. మొదటి ఏడాది గోడకు లిస్టు అంటిస్తే ఒకడు దాన్ని చూసి, "గిదేంది సార్, అంత కొడితే సున్నా పాయింటా?" అని ముఖం చిన్నబుచ్చుకున్నాడు. 1941లో టెడ్ విలియమ్స్ 456 అట్‌బ్యాట్లలో 185 హిట్లు కొట్టి 0.406 చేశాడనీ, ఆ తర్వాత అమెరికాలోని అమెరికన్ లీగ్, నేషనల్ లీగ్ రెంటిలోనూ పూర్తి సీజన్ ఆడి 0.400 అందుకున్నవాడే లేడనీ చెప్పాక శాంతించాడు.

యావరేజ్‌లో మంచి గుణం ఒకటే, మ్యాచ్ అయిపోగానే పిల్లలే నోటితో లెక్క కట్టుకోగలరు. అది చెప్పేది మాత్రం సగమే. మా నోట్‌బుక్‌లోంచి ఒక సీజన్ చూడండి. ఒక అబ్బాయి 20 అట్‌బ్యాట్లలో 7 హిట్లు, అన్నీ సింగిల్సే (మొదటి బేస్ దాకానే), వాక్ ఒక్కటీ లేదు. ఒక అమ్మాయికి కూడా 20 అట్‌బ్యాట్లే. 5 హిట్లు, అందులో రెండు డబుల్స్ (రెండో బేస్ దాకా), పైగా 8 వాక్‌లు. యావరేజ్ అబ్బాయిది 0.350, అమ్మాయిది 0.250. పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు, కొట్టే వీలున్న చోటు తప్పి నాలుగు బాల్స్ వేస్తే బ్యాటర్ ఊరికే మొదటి బేస్‌కు పోవడమే వాక్, అది అట్‌బ్యాట్ కింద రాదు కాబట్టి ఆ ఎనిమిదీ ఎక్కడా కనబడవు. ఆన్‌బేస్ పర్సంటేజ్, అంటే బ్యాటింగ్‌కు దిగిన వాటిలో హిట్‌తోనో వాక్‌తోనో ఎన్నిసార్లు బేస్ ఎక్కారన్నది, తీస్తే అబ్బాయి 0.350 దగ్గరే ఉంటాడు, అమ్మాయి 28లో 13సార్లు బేస్ ఎక్కింది కాబట్టి 0.464కు పోతుంది. స్లగ్గింగ్ (హిట్లతో వచ్చిన మొత్తం బేసులను అట్‌బ్యాట్లతో భాగించేది) ఇద్దరిదీ 0.350. ఆ ఏడాదంతా నేను అబ్బాయిని ముందు పంపించి, అమ్మాయిని ఏడో నంబర్‌లో ఆడించాను. లెక్క కట్టింది సీజన్ అయ్యాక. నా తప్పే.

అప్పటి నుంచి రెండేళ్లు ఆన్‌బేస్ భక్తుణ్ని అయిపోయాను. డబ్బు తక్కువున్న ఓక్లాండ్ జట్టు ఇలాంటి ఆటగాళ్లనే ఏరుకుని 2002లో వరసగా 20 మ్యాచ్‌లు గెలిచిందని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కానీ మెల్లగా ఒక సంగతి తెలిసింది. మన దగ్గర పిచ్చర్లు కొత్తవాళ్లు. బంతి ఒకటి తలమీదుగా పోతే ఇంకొకటి కాళ్ల ముందు పడుతుంది. అలాంటివాడి ముందు బ్యాట్ భుజం మీద పెట్టుకుని ఊరికే నిలబడినా వాక్ వస్తుంది. 19వ శతాబ్దంలో బేస్‌బాల్ లెక్కలకు దారి వేసిన హెన్రీ చాడ్విక్ క్రికెట్ కూడా రాసిన మనిషి. వాక్ పిచ్చర్ తప్పే తప్ప బ్యాటర్ గొప్ప కాదని ఆయన వాదన. అందుకు విరుద్ధంగా 1887లో ఒక్క సీజన్ వాక్‌లను కూడా హిట్లుగా లెక్కేశారు, మరుసటి ఏడాదే మానేశారు. ఇప్పటి పండితులు చాడ్విక్‌ను తప్పుపడతారు. మేజర్ లీగ్ పిచ్చర్ల ముందు తప్పే కావచ్చు, మా గ్రౌండ్‌లో మాత్రం ఆయన మాటే చాలావరకు నిజం. అందుకే ఇప్పుడు మంచి పిచ్చర్ మీద వచ్చిన వాక్ చుట్టూ సున్నా చుడతాను. ఆ సున్నాలనే లెక్కలోకి తీసుకుంటాను.

అన్నిటికంటే పెద్ద లోపం హిట్టా, ఎర్రరా అన్న దగ్గర ఉంది. ఫీల్డర్ తప్పిదం వల్ల బేస్ ఎక్కితే అది హిట్ కాదు, అట్‌బ్యాట్ మాత్రం పడుతుంది. చదునుగా పచ్చిక ఉన్నచోట స్కోరర్ చూసి చెప్పొచ్చు. మా గ్రౌండ్ ఎర్రమట్టి, గులకరాళ్లు. నేలబారుగా పోయే బంతి రాయికి తగిలి ఫీల్డర్ చెవి పక్కనుంచి లేచిపోతుంది. అది ఎవరి ఖాతా? ఒక మ్యాచ్‌లో మా స్కోరర్ పిల్ల అలాంటివి మూడు హిట్లు రాసింది, అవతలి బడి పిల్లవాడు అవే మూడూ ఎర్రర్లు రాశాడు. ఇద్దరూ మనసులో ఏమీ పెట్టుకోకుండానే రాశారు. ఆ మూడూ కొట్టినవాడికి మొత్తం నాలుగు అట్‌బ్యాట్లు, యావరేజ్ ఒక పుస్తకంలో 0.750, ఇంకో పుస్తకంలో సున్నా.

స్లగ్గింగ్‌ను పిల్లలు తొందరగా పట్టుకున్నారు. చిర్రగోనెలో చిర్ర ఎంత దూరం పోతే అన్ని గోనెలు కొలుస్తాం కదా, ఇదీ దాదాపు అంతే. సింగిల్‌కు ఒకటి, డబుల్‌కు రెండు, ట్రిపుల్‌కు మూడు, హోమ్ రన్‌కు నాలుగు. ఆన్‌బేస్‌నూ దీన్నీ కలిపితే ఓపీఎస్. అది చూపుకు బాగుంటుంది, కానీ పరుగులు రావడంలో ఆన్‌బేస్ బరువు స్లగ్గింగ్‌కు దాదాపు 1.8 రెట్లు ఉంటుంది. సమానంగా కూడేస్తే ఎక్కువ పనిచేసినవాడికీ తక్కువ పనిచేసినవాడికీ ఒకే కూలి ఇచ్చినట్టు. బరువులు సరిచేసిన వోబా అనే లెక్క ఉందని ఫోన్‌లో ఎక్సెల్ పెట్టి ఒక సీజన్ తంటాలు పడ్డాను. దాని బరువులన్నీ అమెరికా లీగుల్లోంచి తీసినవి. మా దగ్గర ఒక సింగిల్, దాని వెనక రెండు తప్పుడు త్రోలు కలిస్తే హోమ్ రన్. మానేశాను.

ఇంకొకటి. మా పిల్లలకు ఒక సీజన్‌లో పాతిక అట్‌బ్యాట్లు దొరికితే గొప్ప. నిజంగా 0.300 సత్తా ఉన్న పిల్లవాడు పాతికసార్లలో అదృష్టాన్ని బట్టి 0.200 దగ్గరా కనబడొచ్చు, 0.400 దగ్గరా కనబడొచ్చు. మేజర్ లీగ్‌లో రోజూ ఆడేవాడికి ఏడాదికి ఆరు వందలసార్లు బ్యాటింగ్ వస్తుంది, అక్కడే ఒక సీజన్ యావరేజ్‌ను నమ్మరు. ఒకసారి సెలక్షన్స్‌కు పిల్లలను తీసుకెళితే అక్కడున్న సార్ నోట్‌బుక్ తెరవకుండానే ఒక పిల్లను చూపించి "యావరేజ్ ఎంత?" అన్నారు. 0.240 అన్నాను. పక్కకు నిలబెట్టారు. ఆ పిల్ల బస్సులో దేవరకొండ దాకా మాట్లాడలేదు.

నాకు పనికొచ్చింది ఏ పుస్తకంలోనూ లేని గుర్తు, 'ట'. బంతి బ్యాట్ మధ్యలో సరిగ్గా తగిలితే అల్యూమినియం "టంగ్" మంటుంది. ఆ శబ్దం వస్తే, బంతి ఎక్కడికి పోయినా, క్యాచ్ పట్టినా సరే, గడిలో 'ట' అని రాస్తాం. పెద్ద లీగుల్లో 2015 నుంచి అన్ని గ్రౌండ్లలో స్టాట్‌కాస్ట్ పెట్టి బ్యాట్ నుంచి బంతి ఎంత వేగంగా పోతోందో కొలుస్తున్నారు. మా దగ్గర చెవే స్టాట్‌కాస్ట్. సెలక్షన్స్‌లో పక్కకు నిలబెట్టిన ఆ 0.240 పిల్ల గడుల్లో ఆ సీజన్‌లో పదకొండు 'ట'లు ఉన్నాయి, జట్టులో అందరికంటే ఎక్కువ. మరుసటి ఏడాది అవే దెబ్బలు ఫీల్డర్ల మధ్య నుంచి పోయాయి.

స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులు పడి ఔటవడం) కూడా రాయండి. పెద్ద లీగుల్లో స్ట్రైకౌట్‌ను మామూలు ఔట్‌లాగే చూస్తారు. బడి పిల్లల ఆటలో అలా కాదు. బంతి తగిలి నేలమీద పడితే చాలు, సగంసార్లు ఏదో ఒకటి జరుగుతుంది.

ఈ ఏడాది నోట్‌బుక్‌లో గడుల వరస మార్చాను. 'ట', స్ట్రైకౌట్, సున్నా చుట్టిన వాక్, తర్వాత బేసులు. యావరేజ్ తీసేద్దామంటే పిల్లలు ఊరుకోలేదు. చివరి గడిలో పెన్సిల్‌తో రాస్తున్నాం.