ముఖంపై ముడతలకు బొటాక్సా, ఫిల్లరా: ఏది మేలు?

ముడతలు పోగొట్టే సూది ఏదైనా బొటాక్సేనని చాలామంది అనుకుంటారు గాని, క్లినిక్కుల్లో ఆ పనికి వాడే మందులు ముఖ్యంగా రెండు రకాలు: ఒకటి (బొటాక్స్) కండరాన్ని సడలిస్తుంది, రెండోది (ఫిల్లర్) చర్మం కింద తగ్గిన నిండుదనాన్ని పూరిస్తుంది. ఏది మేలో తేల్చుకునే ముందు అద్దం ముందు నిలబడి, గీత ముఖం కదిలినప్పుడే పడుతోందా, కదలనప్పుడూ నిలిచే ఉంటోందా అని గమనించాలి.

కనుబొమలు ముడిచినప్పుడు వాటి నడుమ పడే నిలువు గీతలకు, నుదుటి అడ్డగీతలకు, నవ్వినప్పుడు కంటి చివర విచ్చుకునే గీతలకు బొటాక్సే తగినది. అందులోని బొటులినమ్ టాక్సిన్ నరం చివర సంకేతాన్ని మోసే రసాయనమైన అసిటైల్‌కోలిన్ విడుదలను అడ్డుకోవడం వల్ల కండరానికి ముడుచుకునే సంకేతం అందదు. ఫలితం కొద్ది రోజుల్లో మొదలై, రెండు వారాలకు పూర్తిగా తెలిసి, 3, 4 నెలల్లో కరిగిపోతుంది. నిజానికి ఇది అందం కోసం పుట్టిన మందు కాదు. మెల్లకన్నుకూ, కనురెప్పలు అదుపు లేకుండా మూసుకుపోయే జబ్బుకూ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1989లో దీన్ని అనుమతించింది. వాంకూవర్‌లో కంటి వైద్యురాలు జీన్ కారథర్స్ తన రోగుల కనుబొమల నడుమ గీతలు చెరిగిపోవడం గమనించి, చర్మవైద్యుడైన భర్త అలస్టర్‌తో కలిసి 1992లో ఆ సంగతి ప్రచురించాక, 2002లో ఆ గీతలకూ అనుమతి లభించింది.

ముక్కు పక్క నుంచి నోటి మూలకు దిగే మడత వేరు. బుగ్గ జారడం వల్ల అది కదలిక లేకపోయినా కనిపిస్తుంది. అక్కడ కండరాన్ని సడలిస్తే నవ్వు వంకర పోవచ్చు. దానికి నీటిని పట్టి ఉంచే హైలురానిక్ యాసిడ్ ఫిల్లరే నప్పుతుంది. మార్పు వెంటనే కనిపించి, రకాన్ని బట్టి 6 నుంచి 18 నెలలు నిలుస్తుంది.

ప్రమాదాల లెక్క మాత్రం చాలామంది ఊహకు తలకిందులుగా ఉంటుంది. విషమన్న పేరు మోసే బొటాక్స్‌తో, సౌందర్యానికి వాడే మోతాదులో, కనురెప్ప వాలినా అది కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అయితే అంతవరకూ విరుగుడు లేదు. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చుబడవచ్చు, అరుదుగా చూపే పోవచ్చు. దాన్ని కరిగించే హైలురోనిడేజ్ ఉన్నా, గంటలు గడవకముందే ఇవ్వాలి. ఇచ్చినా పోయిన చూపు తిరిగి వస్తుందన్న భరోసా లేదు. అందుకే ఆ మందు దగ్గర ఉంచుకోని చోట ఫిల్లర్ చేయించుకోకూడదని నా అభిప్రాయం.

ధర అడిగేటప్పుడు యూనిట్ రేటు ఒక్కటే చూసి మోసపోకూడదు. కనుబొమల నడుమకు బొటాక్స్ 20 యూనిట్లు పడితే, అదే టాక్సిన్‌తో వచ్చే మరో బ్రాండు డిస్‌పోర్ట్ 50 పడతాయి. ఆ రెండింటి యూనిట్లూ ఒకటి కావు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ రెండు సూదులకూ దూరంగా ఉండటమే మంచిది. మయస్థీనియా గ్రావిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్నవారికి బొటాక్స్ ప్రత్యేకించి ప్రమాదకరం.

రెండూ అవసరమైన ముఖాలూ ఉంటాయి గాని, మొదటిసారి వెళ్లేవారు బొటాక్స్‌తో ఆరంభించడమే నయం. ఇంట్లో పెళ్లి ఉందని వెళ్లేవారు కనీసం నెల ముందే చేయించుకుంటే, వాపూ కమిలిన మచ్చలూ తగ్గి, అవసరమైతే సరిచేయించుకునే వ్యవధి కూడా మిగులుతుంది.