చురుకైన ఈగ కన్ను, నిదానమైన క్రేన్ ఫ్లై కన్ను: విద్యుత్ స్పందనలో తేడా

కీటకాల కాంతిగ్రాహక కణం మీద వెలుగు పడినప్పుడు, మన కంటి కణాల్లో జరిగేదానికి భిన్నంగా, కణపు పొరలోని అయాన్ (విద్యుదావేశమున్న కణిక) ద్వారాలు తెరుచుకొని సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి. సుమారు మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గరున్న పొటెన్షియల్ (పొర లోపలికీ బయటికీ మధ్య వోల్టేజీ తేడా) సున్నా వైపు జరుగుతుంది. ఈ ఆరంభం పగటివేళ దూసుకుపోయే నీలి ఈగలోనూ, మసకవెలుతురులో మెల్లగా ఎగిరే, పొడవాటి కాళ్ల క్రేన్ ఫ్లైలోనూ ఒకటే. అసలు తేడా పొటాషియాన్ని బయటకు వదిలే ద్వారాల్లో ఉందని 1993లో పరిశోధకులు లాఫ్లిన్, వెక్‌స్ట్రోమ్ పలు రెండు రెక్కల కీటకాలను పోల్చి చూపారు.

నీలి ఈగ కణంలో ఆ ద్వారాలు వెలుగున్నంతసేపూ తెరిచే ఉంటాయి కాబట్టి పొర విద్యుత్ నిరోధం తగ్గి, వోల్టేజీ వెంటవెంటనే మారగలుగుతుంది. వేగంగా కదిలే దృశ్యం చెదరకుండా అందుతుంది. అయితే లోపలికి వచ్చిన సోడియాన్ని బయటకు, పోయిన పొటాషియాన్ని మళ్లీ లోపలికి చేర్చే పంపులకు నిరంతరం ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) కావాలి, ఆ ఖర్చు చిన్నది కాదు.

క్రేన్ ఫ్లైలో పొటాషియం ద్వారాలు తెరుచుకున్న కాసేపటికి వాటంతటవే మూతపడతాయి. స్పందన మందగిస్తుంది, శక్తి మిగులుతుంది. దీన్ని నాసిరకం కన్ను అనడం నాకు సమ్మతం కాదు: నిదానంగా ఎగిరే జీవికి అక్కరలేని వేగం కోసం శక్తిని వెచ్చించడమే అసలైన వృథా.