1/48 స్టిక్కరు కింద 1/72: ఈ కిట్ల ఆయనతో జాగ్రత్త

మహబూబ్‌నగర్ నుంచి పాత మోడల్ కిట్లు, అంటే ముక్కలు అతికించి కట్టుకునే బొమ్మలు, అమ్మే పెద్దమనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. నిన్న సాయంత్రం పార్సిల్ అందింది, రాత్రంతా నిద్ర లేదు, తెల్లవారగానే ఇది రాస్తున్నాను. కోపం చల్లారాక రాద్దామనుకుంటే మొహమాటంతో సగం మింగేస్తాను.

నేను అడిగింది డీ హావిలాండ్ కామెట్ విమానం, ఎర్రది, 1/48 స్కేలు, అంటే అసలు దానిలో నలభై ఎనిమిదో వంతు. నాలుగు వేల ఎనిమిది వందలు ఫోనులో ముందే పంపాను. "సీలు కూడా విప్పలేదు మాస్టారూ, మీ కోసమే దాచి ఉంచాను" అన్నాడు. ఆ "మీ కోసమే" దగ్గరే ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను?

ఆ విమానమంటే నాకు ఎప్పటినుంచో పిచ్చి. 1934 అక్టోబరు 20న ఇంగ్లండులోని మిల్డెన్‌హాల్‌లో బయలుదేరి, 23న మెల్‌బోర్న్ చేరి విమానాల పందెం గెలిచింది. మధ్యలో మన అలహాబాదులో దిగి వెళ్లింది. అదే పందెంలో నల్ల కామెట్‌తో వచ్చిన మొలిసన్ దంపతులకు జబల్‌పూర్‌లో సరైన పెట్రోలు దొరకలేదు. బస్సుల కంపెనీ పెట్రోలు పోయించుకున్నారు, ఇంజిన్లు దెబ్బతిని అలహాబాదులోనే పందెం వదులుకున్నారు. వాళ్లకైతే వేరే దారి లేదు. నాకు ఉంది. ఇంకో నెల ఆగి కొత్తది తెప్పించుకోవచ్చు.

సరే, పార్సిల్. చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా తోచింది. పెట్టె చుట్టూ ప్లాస్టిక్ కాగితం బిగువుగానే ఉంది కానీ ఒక అంచున కాలినట్టు ముడతలు పడి ఉంది. ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే యంత్రం పట్టి వేడి చేశారని ఇప్పుడు అర్థమవుతోంది. పెట్టె పక్కన 1/48 అని ఉంది. అక్షరాలు మరీ తెల్లగా, మరీ కొత్తగా ఉన్నాయి. బొటనవేలి గోరు పెట్టి మూల గీకాను. మెల్లగా లేచింది. కింద ముందు 2 కనిపించింది, తరువాత 7. స్టిక్కరు పూర్తిగా ఊడి వేలికి అంటుకుని ఉండగా, పాత పెట్టె మీది 1/72 నన్నే చూస్తోంది. నేనూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. చాయ్ చల్లారిపోయింది.

అయినా ఆశ చావదు కదా, ముద్ర తప్పేమో అనుకున్నాను. అసలు విమానం రెక్కల పొడవు 44 అడుగులు, అంటే 528 అంగుళాలు. 48తో భాగిస్తే సరిగ్గా 11. రెక్క ముక్కలు బల్ల మీద చేర్చి స్కేలు పెట్టాను. ఏడు అంగుళాలు, పైన మూడో వంతు. 72తో భాగించి చూడండి, ఎంత చక్కగా సరిపోతుందో. ఇరవై ఆరేళ్లు నల్లగొండలో పిల్లలకు నిష్పత్తులు చెప్పినవాణ్ణి, ఫోటోలో ఆ ముక్కల పక్కన స్కేలు పెట్టి పంపమని అడగలేదు! పైగా గడియారం సెంటర్ దగ్గర వడ్రంగి చేత పదమూడు అంగుళాల గాజు పెట్టె ముందే చేయించి పెట్టుకున్నాను.

ఫోను చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. స్టిక్కరు సంగతి చెబితే ఒక్క క్షణం కూడా తడబడలేదు. "మాస్టారూ, మీరు లెక్కలు చెప్పినవారు కదా, కొనేముందు మీరే కొలుచుకోవాలి" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. డబ్బు పోతే పోయింది, ఆ నవ్వు మాత్రం రాత్రంతా చెవిలోనే ఉంది. తిరిగి పంపుతానంటే "సీలు విప్పారుగా" అన్నాడు. అవునండీ, పార్సిల్ వాసన చూసి స్కేలు కనిపెట్టే విద్య నాకు రాదు.

ఇంతటితో అయిపోలేదు. రెండు ఇంజిన్ల విమానానికి ఒకే ప్రొపెల్లర్ ఉంది. కామెట్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే. టేకాఫ్‌కు ముందు ప్రొపెల్లర్ హబ్‌లోకి, అంటే మధ్య భాగంలోకి, సైకిల్ పంపుతో గాలి కొట్టేవారు, వేగం పుంజుకున్నాక ఆ గాలి బయటికి పోయి బ్లేడ్ల కోణం దానంతట అదే మారిపోయేది. గాలిలో మళ్లీ వెనక్కి తిప్పే వీలు లేదు. అంత ముచ్చటైన సామానులో సగం లేదు. దాని గురించి అడిగితే "ఒకటి చెక్కుకోండి, బొమ్మే కదా" అని పెట్టేశాడు. తరువాత నా నంబరు నుంచి ఫోను కూడా కలవడం లేదు.

డెకాల్స్, అంటే నీళ్లలో తడిపి బొమ్మ మీద అంటించే అక్షరాలు, వాటి సంగతి కూడా చెప్పేస్తాను. కోపంలో పరీక్షిద్దామని ఆ విమానం రిజిస్ట్రేషన్ జి-ఏసీఎస్‌ఎస్ అక్షరాలు కత్తిరించి గోరువెచ్చని నీళ్లలో వేశాను. రెండో ఎస్ మూడు ముక్కలై గిన్నెలో తేలింది. ఎండలో పెట్టి ఏళ్లు గడిచిన సరుకు.

కొనాలనుకునేవాళ్లు పెట్టె ఫోటో కాదు, లోపలి ముక్కల పక్కన స్కేలు పెట్టి తీసిన ఫోటో అడగండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు. ముందే మొత్తం డబ్బు పంపకండి. ఇంతకంటే ఏం చెప్పాలో తోచడం లేదు.

మా ఆవిడ గాజు పెట్టెలో పసుపు కుంకుమ భరిణెలు పెట్టుకుంటానంటోంది. ఎవరి దగ్గరైనా 1/72 కామెట్ ప్రొపెల్లర్ ఒకటి అదనంగా ఉంటే చెప్పండి. చిన్నదైతే చిన్నదే, కట్టి తీరుతాను.