వెనక డ్రమ్ బ్రేకుల రాపిడి శబ్దం: కొన్నేళ్ల వాడకం తర్వాత చెబుతున్నా

కాకినాడలో చాలా ఏళ్లుగా ఒకటే పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. ముందు డిస్క్ బ్రేకులు, వెనక డ్రమ్ బ్రేకులు (చక్రంతో పాటు తిరిగే గిన్నెలాంటి డ్రమ్ లోపలి గోడకి రెండు షూలు ఒత్తుకుని ఆపేవి). మన చిన్న కార్లలో చాలావాటికి ఇదే పద్ధతి. వెనక చక్రం నుంచి గరగరమని చప్పుడు వస్తోందని షెడ్డుకి వెళ్తే, చక్రం విప్పకుండానే "షూలు అయిపోయాయి సార్, మార్చేద్దాం" అంటారు. నా కారు విషయంలో అది తప్పు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

డ్రమ్ముల మీద నాకు మంచి అభిప్రాయమే ఉంది. బ్రేక్ వేసినప్పుడు బరువు ముందుకి వస్తుంది కాబట్టి పని ఎక్కువగా ముందు డిస్కులే చేస్తాయి, వెనక షూలు చాలా కాలం మన్నుతాయి. నా ముందు ప్యాడ్లు అరిగి మార్చాక కూడా వెనక షూల లైనింగ్ (రాపిడికి అరిగే పైపొర) బాగానే ఉంది. మారేడుమిల్లి ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేర్లో దిగితే బ్రేకులు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

ఇబ్బందల్లా చప్పుడుతోనే. వాన పడిన మర్నాడు పొద్దున్నే బండి తీస్తే మొదటి రెండు మూడు బ్రేకులకి గరగరమంటుంది, అది డ్రమ్ లోపల పట్టిన పలచని తుప్పు, వెంటనే పోతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. నాకు వచ్చింది అది కాదు. బ్రేక్ మీద కాలు లేకపోయినా ఎడమ వెనక చక్రం సన్నగా రాసుకుంటూ ఉండేది, అద్దం దించి కాంపౌండ్ గోడ పక్కన నెమ్మదిగా పోనిస్తే స్పష్టంగా వినిపించేది, కాసేపు తిరిగి వచ్చాక ఆ చక్రం దగ్గర చెయ్యి పెడితే కుడివైపు కంటే బాగా వేడిగా ఉండేది. ముట్టుకోకండి, దగ్గరగా పెడితే చాలు, తెలిసిపోతుంది.

బేరింగ్ పోయినా చప్పుడు వస్తుంది కానీ అది వేగం పెరిగేకొద్దీ బూ అని పెరుగుతుంది, బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు మారుతుంది. నాది అలా మారలేదు.

ఇక చక్రం లేపి చూడటమే. చదునైన చోట ముందు చక్రాలకి అటూ ఇటూ రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించి, జాకీతో లేపి స్టాండ్ మీద నిలబెట్టాం. ఉత్తి జాకీ మీద మాత్రం ఈ పని చెయ్యొద్దు. చేత్తో చక్రం తిప్పితే చుట్టుకి ఒక్కచోటే రాసుకుంటే డ్రమ్ గుండ్రం పోయినట్టు, చుట్టూ ఒకేలా బిగుతుగా ఉంటే షూలు వెనక్కి పూర్తిగా రావట్లేదన్నమాట. నాది రెండోది.

షూలు ఎందుకు రావట్లేదో తేల్చడం మా పాత మెకానిక్ దగ్గర చూశాను, చాలా నచ్చింది. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కూడా ఈ షూలనే బిగిస్తుంది కాబట్టి, ముందు హ్యాండ్‌బ్రేక్ లివర్ దగ్గర కేబుల్ నట్ వదులు చేశాడు. చక్రం ఇంకా బిగుతుగానే ఉంది. అప్పుడు వీల్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్ ఒత్తిడితో షూలని తోసేది) వెనక ఆయిల్ వదిలే నిపుల్ కొంచెం తెరిచాడు, చక్రం వదులైతే ఆయిల్ ప్రెషర్ లోపల చిక్కుకున్నట్టు, అంటే హోస్ గానీ సిలిండర్ గానీ చూడాలి. అప్పుడూ వదులు కాలేదు. డ్రమ్ ఊడదీశాడు. లోపల షూకి ఉన్న హ్యాండ్‌బ్రేక్ లివర్ పూర్తిగా వెనక్కి రాకుండా సగంలో ఆగి ఉంది. చక్రం వైపు చివర కేబుల్ తొడుగులోకి నీరు దిగి, లోపలి తీగ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. నట్ వదులు చేసినా కదలకపోవడానికి కారణం అదే.

దీనికి ముందు ఒక షెడ్డులో హ్యాండ్‌బ్రేక్ ఎత్తుకి లేస్తోందని కేబుల్ నట్ బాగా బిగించారు. అదే అసలు తప్పు పని. షూల మధ్య అడ్జస్టర్ (షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచూసేది) సరిచేశాకే కేబుల్ ముట్టుకోవాలి. లేకపోతే లోపలి లివర్ ఎప్పుడూ కొంచెం లాగబడే ఉంటుంది, చాలా కార్లలో సెల్ఫ్ అడ్జస్టర్ కూడా పనిచెయ్యడం మానేస్తుంది. మన బండ్లకి ఇది ఎంతమంది చేస్తున్నారో తలుచుకుంటే కోపం వస్తుంది.

షూల లైనింగ్ ఇంకా చాలా ఉంది కానీ వేడికి పైన గాజులా మెరుస్తోంది, ఎమ్రీ పేపరుతో తేలిగ్గా రుద్ది అవే బిగించాం. వెనక ప్లేటు మీద షూ ఆనే చోట్ల తుప్పు గీకి, బ్రేకుల గ్రీజు అతి పలచగా రాశాం, అది లైనింగ్ మీదకి పోకూడదు. లోపలి దుమ్ము గాలి కొట్టి ఎగరగొట్టనివ్వకండి, అది ఊపిరితిత్తులకి చెడ్డది, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడిపించండి. వీల్ సిలిండర్ రబ్బరు బూటు ఎత్తి చూస్తే తడి ఉంటే ఆ సిలిండర్ మార్చాల్సిందే. డ్రమ్ మీద గరిష్ఠ వ్యాసం పోత పోసి ఉంటుంది, లేత్‌కి పంపే ముందు అది దాటుతోందో లేదో కొలిపించండి.

కొత్త కేబుల్ వేశాక చప్పుడు పోయింది, చక్రం చేత్తో తేలిగ్గా తిరుగుతోంది. రెండు వైపులా మార్పించాను, కుడిది కూడా అదే ఉప్పుగాలిలో అంతే కాలం తిరిగింది కాబట్టి. ఇప్పుడు వానాకాలంలో ఇంటి దగ్గర చదునైన చోట ఆపితే కేబుల్ మళ్లీ అలా బిగుసుకుపోకూడదని హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేరులో పెట్టి చక్రం కింద ఇటుక పెడుతున్నాను.