అమీర్‌పేటలో బిమ్ కోర్సు: మూడు నెలలు కూర్చున్నాక

బీటెక్ సివిల్ నాలుగేళ్లూ మాకు డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్‌తోనే సరిపెట్టారు. అందుకే అమీర్‌పేటలో ఒక బిమ్ (భవనాన్ని దాని సమాచారంతో సహా 3డీ మోడల్‌గా చేసే పద్ధతి) కోర్సులో చేరాను. ఆ మోడల్ చేసే సాఫ్ట్‌వేర్ రెవిట్‌ను బాగానే చెప్పారు. గోడ జరిపితే ప్లాను, సెక్షను, షెడ్యూలు అన్నీ వాటంతటవే మారాయి. కాలేజీలో మూడు షీట్లు విడివిడిగా దిద్దిన రాత్రులు గుర్తొచ్చాయి.

అసలు మజా, వేర్వేరు మోడళ్లను కలిపి చూసే నావిస్‌వర్క్స్ క్లాసులో. ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్ పనులు) ముగ్గురం పంచుకుని చేశాం. ఫైళ్లు కలిపి, ఏది దేనికి అడ్డు తగులుతుందో చూసే క్లాష్ టెస్ట్ పెడితే, నా ఏసీ డక్టు సరిగ్గా బీములోంచి దూరిపోయింది! "సైటులో అయితే బీముకి బొక్క కొట్టేవాళ్లు" అన్నారు సారు.

ఐఎఫ్‌సీ (వేర్వేరు సాఫ్ట్‌వేర్ల మధ్య మోడల్ ఇచ్చిపుచ్చుకునే ఫైలు ఫార్మాట్), ఐఎస్ఓ 19650 (బిమ్ సమాచార నిర్వహణకు అంతర్జాతీయ ప్రమాణం) మాత్రం గంటలో చుట్టేశారు. ఇంటర్వ్యూలో అడిగింది అవే. ల్యాబ్ సిస్టమ్‌లో మోడల్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు.

సాఫ్ట్‌వేర్‌కంటూ విడిగా డబ్బు కట్టకండి. కాలేజీలో చదువుతున్నవాళ్లకు వీటిని తయారుచేసే ఆటోడెస్క్ కంపెనీ ఏడాది లైసెన్సు ఉచితంగానే ఇస్తుంది.