క్యాబిన్ బ్యాగుకు ముందు జేబే ప్రాణం

చక్రాలు ఎలా తిరుగుతాయి, లోపల ఎన్ని అరలున్నాయి అన్నవి దుకాణంలో చూసినా తెలుస్తాయి. నేను రాయాలనుకున్నది ఈ బట్ట బ్యాగుకున్న ముందు జేబు గురించి. బ్యాగును పడుకోబెట్టకుండా, పెద్ద అర తెరవకుండా, నిలబెట్టినట్టే ఉంచి పైనుంచి జిప్పు లాగి చెయ్యి పెట్టగలిగే జేబు అది. మళ్లీ బ్యాగు కొనాల్సి వస్తే మొదట దానికోసమే వెతుకుతాను.

నేను తరచుగా వెళ్లేది హైదరాబాద్ నుంచి రాజమండ్రికి, ఎక్కువసార్లు ఏటీఆర్ 72 అనే చిన్న విమానంలో. వెనక తలుపు నుంచి ఎక్కుతాం, వరుసకు నాలుగే సీట్లు, తల పైన అరలు చిన్నవి. ఎయిర్‌బస్ 320 లాంటి పెద్ద విమానంలో హాయిగా పట్టే గట్టి పెట్టె ఇక్కడ పట్టదు. అందుకే చాలాసార్లు మెట్ల దగ్గరే సిబ్బంది బ్యాగుకు ట్యాగు కట్టి సామాను గదిలోకి పంపేస్తారు. పవర్ బ్యాంకు మాత్రం తీసి దగ్గర ఉంచుకోమంటారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే మనుషుల కంటపడే చోట ఉండాలి కదా! 2025 జనవరిలో దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఎగరకముందే పై అరలో మంటలు లేచాయి. ఆ తర్వాత అక్కడ పవర్ బ్యాంకులను పై అరలో కూడా పెట్టనివ్వడం లేదు. కాబట్టి బ్యాగు ఎక్కడికి వెళ్లినా, ఆ వస్తువు మాత్రం క్షణంలో చేతికి రావాలి.

ఒక వర్షాకాలం రాత్రి శంషాబాద్‌లో బస్సు దిగి విమానం దగ్గరికి నడిచేసరికి జల్లు మొదలైంది. నా బ్యాగులో అమ్మ కోసం తీసుకెళ్తున్న ఇన్సులిన్ పెన్నులున్నాయి. ఇన్సులిన్ ఒకసారి గడ్డకట్టిందంటే పనికిరాదు, కాబట్టి దాన్ని సామాను గదిలోకి పంపే ప్రసక్తే లేదు. నా ముందున్నాయన గట్టి పెట్టెను తడి నేల మీదే పుస్తకంలా రెండుగా విప్పాల్సి వచ్చింది. పైన ఇస్త్రీ చొక్కాలు, వాటి కింద స్వీటు పెట్టెలు, పవర్ బ్యాంకేమో అట్టడుగున. వెనకున్న పెద్దావిడ తన గొడుగును ఆ చొక్కాల మీద పట్టారు. పాపం ఆయన తప్పేమీ లేదు, ఆ పెట్టెను తయారుచేసిన తీరే అంత. నా వంతు వచ్చింది. జిప్పు లాగాను, ఇన్సులిన్ సంచి, పవర్ బ్యాంకు, లాప్‌టాప్ మూడూ భుజాన ఉన్న సంచిలోకి మారిపోయాయి. ట్యాగు ముడి పడేలోపే నా పని అయిపోయింది. ఆ రోజు నుంచి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఈ జేబు గురించి చెబుతూనే ఉన్నాను.

కొన్న కొత్తలో దీని తేలికతనాన్ని కూడా తెగ మెచ్చుకున్నాను. ఖాళీ బ్యాగు రెండు కిలోల పైచిలుకు, అంటే విమానంలోకి వెంట తీసుకెళ్లే బ్యాగుకున్న ఏడు కిలోల హద్దులో దాదాపు ఐదు కిలోలు మనకు మిగులుతాయి. ఆ మాట ఇప్పటికీ నిజమే. కానీ ఆ తేలికతనం బట్ట వల్ల వచ్చింది, బట్టేమో తడుస్తుంది. అదే రాత్రి రాజమండ్రిలో విప్పితే పైనున్న దుస్తుల మడతలు చెమ్మగిల్లి ఉన్నాయి. జేబు విషయంలోనూ ఒక మాట ఉంది. చార్జర్లు, ఫైళ్లు కూడా కుక్కితే పొట్ట ముందుకు ఉబుకుతుంది. లోతు 20 సెంటీమీటర్లు దాటకూడదనే విమానాల్లో ఆ ఉబ్బుతో, బ్యాగు సైజు చూసే కొలత చట్రంలో పట్టదు. బ్యాగులను పక్కకు తిప్పి నిలబెట్టే కొత్త రకం పెద్ద అరల్లో పక్కవాళ్ల చోటూ ఆక్రమిస్తుంది. అందుకే ఆ జేబులో ఇప్పుడు మూడు నాలుగు వస్తువులకు మించి పెట్టడం లేదు.

నాకు ఇది సరిపోవడానికి కారణం నా ప్రయాణాలే. రెండు రోజుల బట్టలు, అమ్మ మందులు, చిన్న విమానం. ఎప్పుడూ పెద్ద విమానాల్లోనే ఢిల్లీ, ముంబై తిరిగేవాళ్లకు, పట్టుచీరలు గానీ గాజు సామాను గానీ తీసుకెళ్లేవాళ్లకు గట్టి పెట్టే మేలు కావచ్చు. బట్ట బ్యాగే కొంటామంటే దుకాణంలోనే పెద్ద అర నిండా ఏవైనా కుక్కించి, బ్యాగును నిలబెట్టి, ముందు జేబులోంచి మీ లాప్‌టాప్ ఒంటిచేత్తో బయటికి వస్తుందో లేదో చూడండి. నా దాంట్లో 14 అంగుళాలది జారినట్టు వస్తుంది, 15 అంగుళాలది జిప్పు దగ్గర పట్టేస్తుంది.